సతరా నంబరు ఫారం

బడి రిజిస్టర్ల పేరు కొట్టేసినోళ్ళకు
మా సిరొంచల మిగిలిన తొవ్వ ఒకటే,
సతరా నంబరు ఫారం.
బయటి నుంచి పదో తరగతి రాసుకునే కాగితం.
ఇప్పుడది ఫోన్ల నింపాలంటరు.
సిగ్నల్ దొరికేదాక నేను కాగితం మీదనే రాసుకుంట.
నా సంచిల వక్కల పొట్లం పక్కన
ఎప్పుడూ పదిహేను ఉంటయి.

కొండగొర్ల బానేష్‌కు పంతొమ్మిదేండ్లు.
మీసం వచ్చింది గని తొమ్మిదో తరగతి దాటలే.
ఆగిపోయిన నాటి లెక్కల పుస్తకాన్ని
ట్రాక్టర్ పానాల డబ్బాల దాచుకున్నడు.
పేజీలన్నీ గ్రీజు,
త్రిభుజాల మూలలు అరిగిపోయినయి.

రాత్రి ఏడింటికి అంగన్‌వాడి గదిల క్లాసు.
గోడ మీద కుందేలు, ఏనుగు, మరాఠీ అక్షరాలు.
చిన్నపిల్లల పీటల మీద
మోకాళ్ళు గదుమకు తగిలేటట్టు కూసుంటరు.
ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ,
కోపమొస్తే రెండూ.

తీసివేతను పుస్తకంల 'వజా' అంటరు.
దానికి అర్థం చెప్పే పని పడలే.
సేటు కూలిలకెళ్ళి కోసుకునేది
పుట్టినకాన్నుంచి వింటున్నరు.
భాగహారం కాడ బానేష్ ఆగిండు.
నలభై మూడు ఆరుగురికి పంచితే
తలా ఏడు, మిగిలింది ఒకటి.
"ఆ ఒకటిని మరాఠీల బాకీ అంటరు" అన్న.
"మిగిలింది బాకీ ఎట్లయితది మేడం?
మా ఇంట్ల పంచకముందే ఉంటది."

ఎవరూ నవ్వలే.
ఇరవై రెండేండ్లుగ చెప్తున్న,
ఒక్క మాట రెండు భాషల్ల
రెండు దిక్కులు నడుస్తదని నాకు తట్టలే.
సుద్దముక్క కింద పెట్టిన.
ఆ రాత్రి ఇంకో లెక్క చెయ్యలే.

పుష్యం పోంగనే మిర్చి ఎర్రబడ్తది.
అవతలి ఒడ్డు నుంచి బొలెరోలు వస్తయి,
అడ్వాన్సు ముందే ఇచ్చి.
పరీక్ష మార్చిల, ఏరుడూ మార్చిలనే.
బోర్డుకు మిర్చి సంగతి తెల్వదు,
మిర్చికి బోర్డు ఊసే లేదు.
ఒక సోమవారం వచ్చి చూస్తే
పీటలు, కుందేలు, నేను.

ఆదివారం గోదావరి వంతెన దాటిన.
మహదేవ్‌పూర్ దాటినంక చేను,
చేని గట్టున నీలం కవర్ల గుడిసెలు.
మండే చేతులు మజ్జిగల ముంచుకొని కూసున్నరు.
పెన్ను పట్టే వేలు ఒక్కటి లేదు.
సరే, రాయకండి, వినుండ్రి అన్న.
ముప్పై ఏడు కిలోలు ఏరితే
మేస్త్రి చిట్టిల ముప్పై పడ్డది.
పోయినదాన్ని ఎక్స్ అనుకోండ్రి.
"అది ఎవని సంచిల ఉందో
మాకు ఎరుకే మేడం" అన్నడు బానేష్.
ఈసారి అందరం నవ్వినం, దగ్గుకుంట.

సడ్మెక్ లచ్చుబాయి నవ్వలే.
పొత్తిళ్ళ పిల్లకు జరం.
అన్నీ నింపిన ఫారం, సంతకమొక్కటే తక్కువ.
"ఉంచుండ్రి మేడం, మీ కాన్నే ఉంచుండ్రి."
వద్దు అననందుకు
నేను ఇంకేం అడగలే.
ఇప్పటికీ ఉంది,
వక్కల మరక పడ్డది ఒక మూలకు.

పరీక్షనాడు గేటు కాడ
హోంగార్డు బానేష్‌కు చెయ్యి అడ్డం పెట్టిండు.
"తల్లిదండ్రులు బయటనే నిలబడాలె."
వాడు ఏం మాట్లాడలే.
అంగీ జేబులకెళ్ళి హాల్ టికెట్ తీస్తే
మడతల నుంచి మిరపగింజ ఒకటి రాలింది.
గార్డు ఫొటో చూసిండు, మొఖం చూసిండు,
మీసం ఇంకోసారి చూసిండు,
పక్కకు జరిగిండు.

నేను తల్లిదండ్రుల వరుసల నిలబడ్డ.
ఎండ గోడ దాటి కాళ్ళ మీదికొచ్చింది.
పక్కనున్న పెద్దమనిషి అడిగిండు,
మీ పిలగాడు ఏ గదిల అని.
పన్నెండో గది అన్న,
కిటికీ పక్కన,
పొడుగ్గ కనబడేటోడు.