శుక్రవారం లోపు

ఉల్లిపాయల బుట్ట పక్కన కాయితం పెట్టి వెళ్ళింది మేడమ్.
నీలం సముద్రం, దాని మీద పదహారంతస్తుల తెల్ల ఓడ,
ఓడ నెత్తిన మళ్ళీ ఒక ఈతకొలను.
నీళ్ళ మీద నీళ్ళెందుకో.

మత్రా రేవులో ఎక్కడం, ఖసబ్, దుబాయ్, మళ్ళీ మత్రా.
నాలుగు రాత్రులు. నీ టికెట్టూ మేమే కొంటాం,
పిల్లల్ని చూసుకుంటే చాలు.
"రోగం రోజులు కదా, భయమైతే రావద్దు.
ఆలోచించుకుని శుక్రవారం లోపు చెప్పు" అంది.

పదకొండేళ్ళయింది ఈ ఇంటికొచ్చి.
చేప పులుసా వేపుడా అని కూడా నన్నెవరూ అడగలేదు.
అసలు మస్కట్ రావడం నేను ఆలోచించుకున్నదా?
ఏజెంటు సత్తిపండు ఆలోచించాడు,
అప్పు ఆలోచించింది,
నేను వేలిముద్ర వేశాను.
ఇప్పుడీ వయసులో ఆలోచన
కొత్త చెప్పులా కరుస్తోంది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేవాళ్ళం.
రెండు లారీలు, పది మేకలు, ఒక పెళ్ళిగుంపు,
ఒకరి చెమట ఒకరికి అంటుకుని.
ఎక్కాలా వద్దా అని ఎవరాలోచించారు?
అవతలి ఒడ్డున పనుండేది, ఎక్కేవాళ్ళం.
ఈ ఓడకి అవతలి ఒడ్డు లేదు.
ఎక్కిన రేవులోనే తెచ్చి దింపుతుందట.
దానికింత డబ్బా అని అడగబోయి ఊరుకున్నాను.

రువీలో ఉండే దీవెనమ్మకి ఫోన్ చేశాను.
ఆస్పత్రిలో నేల తుడిచే మనిషి, చూసింది చెప్పదు.
"పోయినేడు కొండ మీంచి నువ్వూ చూశావుగా" అంది.
చూశాను. రేవు బయట నిలబడిపోయిన ఓడ.
రాత్రంతా దీపాలు, పగలంతా ఎండ,
ఒక్క మనిషి దిగలేదు.
సంతలో అమ్ముడుపోని గేదెలా అక్కడే, వారాలకు వారాలు.
"అయితే వెళ్ళొద్దంటావా?"
"నేనేమీ అనను. వెళ్తే ఫొటోలు పంపు."

రెండు సూదులూ వేయించుకున్నాను.
రెండోదానికి జ్వరంతోనే నలభై రొట్టెలు కాల్చాను.
అయినా పల్లాలమ్మే గుర్తొస్తోంది.
ఆవకాయ జాడీలో ముక్కు పెట్టి
"వాసన రావట్లేదే" అని వాయిస్ పంపింది.
నవ్వుతూనే పంపింది. ఇంకా చెరపలేదు.
ఆ రోజునించి నేను పొద్దున్నే జాడీ మూత తీస్తాను.
ఆవఘాటు నెత్తికెక్కితే
ఆ పూటకి నేనున్నట్టు లెక్క.

కాయితం వెనక చీమల్లాంటి అక్షరాలు.
పెద్దపిల్ల లయాన్ అరబ్బీలో చదివి చెప్పింది.
ఓడలో జ్వరమొస్తే గది మార్చేస్తారు.
పది రోజులు. ఒక్కరే. బయటికి రాకూడదు.
అన్నం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి వెళ్ళిపోతారు.

అక్కడ ఆగింది నా బుర్ర.

ఒక్కదాన్నే. ఒక మంచం.
ఎవరో వండింది, ఎవరో మోసుకొచ్చి,
నా తలుపు కొట్టి.
నన్ను పేరు పెట్టి కేకేసేవాళ్ళు లేకుండా పది రోజులు.
గుండ్రటి కిటికీలో సముద్రం,
దానికి నాతో పనేం లేదు.

ఛీ, ఇదేం కోరికని చెంపలేసుకున్నాను.
పల్లాలమ్మకీ చివర్లో ఒంటరి గదే ఇచ్చారు.
కిటికీ ఉందో లేదో ఎవర్నీ అడగలేదు నేను.

శుక్రవారం సాయంత్రం టీ కప్పు అందుకుంటూ
"ఏమనుకున్నావ్?" అంది మేడమ్.
వస్తాననీ రాననీ రెండూ నాలుక మీదే ఉన్నాయి.
బయటికొచ్చింది వేరే.
"జ్వరమొచ్చినవాళ్ళని పెట్టే గదికి కిటికీ ఉంటుందా?"
ఆవిడ కాయితం ఇటు తిప్పింది, అటు తిప్పింది.
"ఇందులో రాయలేదే" అంది.
"కనుక్కోండి. ఆదివారం చెప్తాను."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని
వంటింట్లోకొచ్చి నిలబడ్డాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.
పొయ్యి మీద పోపు మాడుతోంది.
మాడు వాసన,
బాగా వస్తోంది.