మూడంగుళాలు

గాజువాక ఆటోనగర్ చివర, తుమ్మచెట్టు కింద
పాత స్టాండర్డ్ హెరాల్డు. పద్దెనిమిది వేలన్నాడు దాలయ్య.
వెనక సీటు గుంతలో కోడిపెట్ట పొదిగి ఉంది.
"గుడ్లు నావి, బండి నీది."
పదహారుకి తెగింది. పిల్లలు దిగేదాకా ఆగమన్నాడు.
ఆగాను.

హెరాల్డుకి ఒక మంచి గుణం ఉంది:
బోల్టులు విప్పితే ఒళ్ళు వేరు, ఎముకలు వేరు.
మల్కాపురంలో మా సందులోకి
చాసిస్‌ని ఆరుగురం భుజాలమీద పాడెలా మోసుకొచ్చాం.
ఎర్నమ్మ పిన్ని అరుగుమీంచి తొంగి చూసి
"ఎవులు పోనారే?" అంది.
"ఇంకా పుట్టలేదు పిన్నీ."

పగలు షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డర్ని.
నా అతుకుల మీద ఓడలు తేలుతున్నాయి,
ఏ ఓడమీదా నా పేరు లేదు.
రాత్రి ఒక్క బల్బు కింద
ఈ తుక్కు ముందు కూర్చుంటే మాత్రం
అదే చెయ్యి కొత్తగా వణుకుతుంది.

సముద్రం గురించి చెప్పాలి.
మా వీధికి అసలు ఓనరు అదే,
అద్దె ఇనుములో వసూలు చేస్తుంది.
సాయంత్రం గీకి మెరిపించిన రేకు
తెల్లారేసరికి పసుపు రాసుకుని కూర్చునేది.
రెడాక్సైడు కొనే డబ్బు చేతికొచ్చేదాకా
వంటనూనె పూసి, పాత నైటీ కప్పాను.
అమ్మ అడిగింది:
"బండికా, బాలింతకా?"

చిట్టీ నాలుగో నెలకే నష్టానికి పాడేశాను.
కాంటెస్సా ఇంజను, గేరుబాక్సుతో సహా ముప్పై ఒక్క వేలు.
ఎవరో కాంట్రాక్టరు కూతురి పెళ్ళికి కొన్న బండట,
పెళ్ళి నిలిచింది, బండి నిలవలేదు.
సీట్లు సిటీ బస్సువి, రెండూ ఆరొందలు.
వాటి వెంట వచ్చిన రేకుమీద
'స్త్రీలకు' మిగిలింది,
'మాత్రమే' ఎక్కడో రాలిపోయింది.
గీకలేదు.

కప్పు కోసిన రోజు
నాలుగు స్తంభాల మీదా సుద్దతో గీతలు,
మూడంగుళాలు. మూడుసార్లు కొలిచాను.
కప్పు ఎత్తి గోడకి ఆనించాక
కాసేపు బండికి ఆకాశమే మిగిలింది.
ఎర్నమ్మ మనవడు వానలో తడుస్తూ
లేని రోడ్డు మీద స్టీరింగు తిప్పాడు.
మళ్ళీ దించితే వెనక స్తంభాలు కలవలేదు.
ఏటవాలు కర్రలు పొట్టివైతే
ఒకదాన్నొకటి తప్పుకుంటాయని
నాకెవరూ చెప్పలేదు.
లేతు గవరయ్య వచ్చి చూసి, టీ తాగి,
"చీరకి అతుకేసినట్టే, నెమ్మదిగా" అని వెళ్ళిపోయాడు.
నాలుగు రాత్రులు అతుకులే.

మార్చిలో ఒక ఆదివారం స్టార్టయింది.
సైలెన్సరు పేరుకే ఉంది.
అటకమీద గిన్నెలు కదిలాయి, కాకులు డాల్ఫిన్స్ నోస్ వైపు లేచాయి,
నేవీ వాళ్ళేదో పరీక్ష చేస్తున్నారనుకున్నారు చివరింటివాళ్ళు.
నేను ఏడ్చానట. ఆ మోతలో నాకు వినిపించలేదు.

అప్పుడు చూశాను.
జీపు టైర్లు, తిరగేసిన రిమ్ములు,
మడ్‌గార్డులు పీకేసిన ఒళ్ళు.
చక్రాలు రెండు వైపులా మోచేతుల్లా పొడుచుకొచ్చి
సందుకంటే వెడల్పు.
ఇంజను కొలిచాను, కప్పు కొలిచాను,
పుట్టి పెరిగిన సందు కొలవలేదు.
గోడకీ ఎర్నమ్మ అరుగుకీ మధ్య
మూడంగుళాలు తక్కువ.

చక్రాలు విప్పమన్నారు కొందరు.
మళ్ళీ మొయ్యమన్నారు, ఈసారి ఇంజనుతో.
ఎర్నమ్మ అరుగు దిగి, నడుమ్మీద చెయ్యేసి,
ఒకసారి బండినీ, ఒకసారి అరుగునీ చూసింది.
నలభై ఏళ్ళుగా ఎండుచేపలమ్మిన అరుగు,
అంచు నున్నగా, ఆవిడ కూచున్నచోట చిన్న పల్లం.
"మూడంగులాలే కదేటి. కొట్టీ.
గాని ముందర సీటు నాది.
గంపట్టుకుని హార్బరుకి కార్లో ఎల్తాను,
ఆ బేరగాడు నన్ను సూడాల."

కాగితాలూ, ఆర్టీవో ఆఫీసూ తర్వాత చూసుకుంటాను.
ఇప్పుడు మోకాళ్ళమీద కూర్చుని ఉలి కొడుతున్నాను,
నోట్లో సిమెంటు దుమ్ము.
వెనక, ఇంకా కదలని బండిలో,
జరీ అంచు చీర కట్టి, గంప ఒళ్ళో పెట్టుకుని
తలుపు అప్పుడే వేసేసుకుంది.

"ఇంకెంతే?"

"ఒక్క అంగుళం పిన్నీ."