రెండు క్లిక్కులు

ఆ పొద్దున షెడ్డులో
నీ బండి ముందు ఫోర్కుని
రెండు క్లిక్కులు బిగించాను.
నీకు చెప్పలేదు.
ఒటాగో కొండల్లో రాయి పలకలు పలకలుగా లేస్తుంది,
మెత్తగా ఉంటే బండి ముక్కు దిగబడుతుందని నా లెక్క.
స్క్రూడ్రైవర్ తిప్పినప్పుడల్లా
ఎవరో నాలుక చప్పరించినట్టు
చిన్న చప్పుడు.

డునెడిన్ ఆసుపత్రి నాలుగో అంతస్తులో
సెలైన్ చుక్క జారినప్పుడల్లా
ఆ చప్పుడే.

నిన్ను ముందు చూసింది నేను కాదు,
గొర్రెల్ని మళ్ళిస్తున్న మర్డో.
నిజానికి మర్డో కూడా కాదు, అతని కుక్క.
నేను చేరేసరికి నువ్వు వెల్లకిలా ఉన్నావు,
ముళ్ళపొద పక్కన.
గడ్డి పసుపు, నీ జెర్సీ పసుపు,
నువ్వెక్కడ ఆగావో కొండ ఎక్కడ మొదలైందో
కాసేపు తెలియలేదు.
పెట్రోలు వాసన.
"హెల్మెట్ తియ్యకు" అన్నావు.
తర్వాత, "నా కాళ్ళెక్కడున్నాయి?"
"ఉన్నచోటే ఉన్నాయి" అన్నాను.
పదహారేళ్ళ కాపురంలో
నేను నీతో చెప్పిన పచ్చి నిజం అదే,
పచ్చి అబద్ధమూ అదే.

కదపొద్దని ఫోన్లో గొంతు.
మర్డో కోటు విప్పి నీమీద కప్పి
గాలికి అడ్డంగా వీపు పెట్టి నిలబడ్డాడు,
నలభై నిమిషాలు, ఆ భారీ మనిషి,
నువ్వు నిద్రలోకి జారకుండా
ఉన్ని ధరల గురించి ఒకటే చెప్పుకుపోయాడు.
"కిలో ఉన్నికి కప్పు కాఫీ కూడా రాదమ్మా రోనా."
"అయితే గొర్రెలమ్మేసి బండి కొనుక్కో"
అన్నావు, పళ్ళు బిగబట్టి.
హెలికాప్టర్ దిగుతుంటే
మంద మొత్తం చేట జారిన బియ్యంలా
కొండంతా చెదిరిపోయింది.

బూట్లు కోస్తుంటే మాత్రం అరిచావు.
ఎముకకి కాదు, బూట్లకి.
నాలుగు నెలలు దాచి కొన్నవి కదా.
"కుట్ల వెంటే కొయ్యండి, మళ్ళీ కుట్టించుకుంటాను."
నర్సు లోసా నిజంగానే కుట్ల వెంట కోసింది.

ప్లాస్టిక్ వెన్నెముక పట్టుకొచ్చాడు సర్జన్.
ఒక పూస మీద వేలు పెట్టి "ఇక్కడ" అన్నాడు.
నేను మెకానిక్కుని.
"ఇక్కడ" అంటే, ఆ తర్వాత ఏం ఆర్డర్ చెయ్యాలో
తెలిసినవాణ్ణి.
ఊరికే తలూపాను.

రోజూ పొద్దున లోసా
ఒక చేత్తో దూది, ఒక చేత్తో పిన్నీసు.
"ఇది మెత్తనా, పదునా?"
కళ్ళు మూసుకుని చెప్తావు.
మెత్తన. పదును. మెత్తన.
నడుము దిగాక
ఏం లేదు.
ఏం లేదు.
నేను కిటికీలోంచి పార్కింగులో కార్లు లెక్కపెడతాను.

పదకొండో రోజు ఉండబట్టలేక చెప్పేశాను,
ఆ రెండు క్లిక్కుల సంగతి.
నవ్వావు. పక్కటెముకలు నొప్పెట్టి
నవ్వు మధ్యలోనే ఆపేశావు.
"కొండ కింద గేటు దగ్గరే వెనక్కి తిప్పేశాను.
నువ్వెప్పుడూ బిగిస్తావు, నేనెప్పుడూ వదులు చేస్తాను.
రాయి అది. వట్టి రాయి."

తేలికపడాలి కదా.
పట్టుకుని వేలాడిన కొమ్మను
చేతిలోంచి లాక్కున్నట్టయింది.

ఆదివారం ఇంటికెళ్ళాను, నీ బట్టలకి.
షెడ్డులో బండి గోడకి ఆనించి ఉంది,
మర్డో ట్రక్కులో తెచ్చి పెట్టినట్టే,
ఎండిన మట్టితో, వంగిన హ్యాండిల్‌తో.
స్క్రూడ్రైవర్ ఫోర్కు మీద పెట్టాను.
చివరికంటా బిగిస్తూ లెక్కపెడితే
తెలిసిపోతుంది,
గేటు దగ్గర నువ్వు నిజంగా ఆగావో
లేక ఆ కొండ మీద నేను చెప్పినలాంటి మాటే
నువ్వూ నాకు చెప్పావో.

స్క్రూడ్రైవర్ మేకుకి తగిలించాను.
బీరువాలోంచి నీ ఉన్ని మేజోళ్ళు తీసుకున్నాను,
మడమ దగ్గర నువ్వే రఫ్ఫు చేసుకున్నవి.
ఎడమ పాదానికి చలేస్తోందన్నావు రాత్రి,
నిద్రలో అన్నావో
మెలకువలో అన్నావో.