జ్ఞ కింది వత్తు

జ్ఞాపకార్థ కార్డు ఒకటి సగంలో ఉండగా
తెర మీద నీలం పలక లేచి
మీ పాత సిస్టమ్‌కి ఇక మా బాధ్యత లేదు అంది.
పదహారేళ్లుగా దీనికి ఎవరో బాధ్యులున్నారని
నాకు ఆ పూటే తెలిసింది.

పూర్ణా మార్కెట్ నుంచి లోవరాజు వచ్చాడు,
ఇరవై దాటని గుంటడు, నోట్లో స్క్రూడ్రైవరు.
మూత తీసి ఫ్యాను మీద వేలితో రాసి
నల్లబడ్డ వేలు చూపించాడు.
"ఏటక్కా ఇది, పొయ్యిలోపల్లా ఉంది?"
పోర్టు బొగ్గురా, అన్నాను.
జ్ఞానాపురంలో ఆరేసిన తెల్ల దుప్పటి
సాయంత్రానికి ఓడ దిగినట్టుంటుంది.

డిస్కు కొత్తది. ర్యామ్ కొత్తది.
మౌసు, బల్ల, నేను
పాతవాళ్లమే.

శాతాలు మొదలయ్యాయి.
ఏడు. పదకొండు.
కంప్యూటర్ ఆపకండి, అని తెర బతిమాలుతోంది.
బయట అల్పపీడనం, కరెంటు దాని ఇష్టం.
ముప్పై నాలుగు దగ్గర యూపీయస్ కీచుమంది.
టీ పెట్టాను. ముప్పై నాలుగు.
చర్చి గంట ఆరు కొట్టింది. ముప్పై నాలుగు.
గెడ్డ పొంగిందని వాళ్లమ్మ ఫోను చేసింది.
ముప్పై నాలుగు.
తర్వాత ఒక్కసారే ఎనభై రెండు,
కాంప్లెక్స్‌లో గంట నిలబెట్టి
తగరపువలస దాకా ఎక్కడా ఆగని బస్సులాగ.

తెర వెలిగింది. ఎక్కడిదో మంచుకొండ.
సముద్రం అంత దగ్గర పెట్టుకుని
మంచుకొండ మీదే నా ఫైలు తెరిచాను.

అక్షరాల్లేవు.
డాలర్లు, బ్రాకెట్లు,
టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు,
పళ్లు ఊడిన దువ్వెనలు.
పాత టైపు సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవి ఉండేది,
వెనకాల గుచ్చే బొటనవేలంత డాంగిల్.
గుచ్చితే, ఎవరు నువ్వు, అన్నట్టు ఊరుకుంది.

ఎంతమందిని పంపానో ఈ బల్ల మీంచి.
రైల్వే గార్డు ఐజాక్ గారు.
చేపల సూరమ్మ, ఫొటో దొరక్క
రేషన్ కార్డులోది కత్తిరించి వేశాం.
పేరింకా పెట్టని మూడు నెలల పిల్లాడు,
చిన్నబాబు అని కొట్టాను.
మా ఆయన.
ఆయన కార్డు కొట్టిందీ నేనే, ప్రూఫు చూసిందీ నేనే,
తేదీ ఒక రోజు వెనక్కి పోయింది.

ఫోన్లో వెతికి వెతికి
లోవరాజు ఏదో మార్చే ప్రోగ్రాము పట్టాడు.
ఒక్కో ఫైలూ అందులో దూరి
తెలుగై లేచింది. ఓలమ్మా, అన్నాను.

ఒక్క జ్ఞ తప్ప.
ప్రతిచోటా జ ఒంటరిగా నిలబడి ఉంది.
దాని వత్తు పక్కకి జారిపడి
మోసే అక్షరం లేక
చుక్కల సున్నా ఒకటి పట్టుకుని వేలాడుతోంది.
జ్ఞాపకార్థంలో, కృతజ్ఞతలో,
చిరునామా అచ్చేసిన ప్రతి కార్డు అడుగునా.
ఉన్న పేట పేరు పలకడం రాని యంత్రానికి
మూడు వేల ఐదొందలు లెక్కపెట్టాను.

"ఒక్క బటన్ కొడితే అన్నీ అతుక్కుంటాయక్కా,"
చెప్పులు వేసుకుంటూ అన్నాడు.
తెలుసు.
రెండొందల పద్నాలుగు ఫైళ్లు.
వద్దులే, నేను చూసుకుంటాను, వాన పెరక్కముందే వెళ్లు.

ఐజాక్ గారి జ్ఞ అతికించాను.
సూరమ్మది. చిన్నబాబుది.
ఆయనది తెరిచి వత్తు కిందికి చేర్చి
తేదీ దగ్గర ఆగాను.
పద్దెనిమిది. పంతొమ్మిది కావాలి.
వంద ఇళ్ల బైబిళ్లలో పద్దెనిమిదనే ఉంది.
సేవ్ చేసి మూసేశాను.

పొద్దున్న ఏడుకి మనిషి వస్తాడు, యాభై కార్డులు.
మధ్యాహ్నం ఆగిన వాక్యం అలాగే ఉంది,
ప్రభువునందు, అని.
వేళ్లు పాత చోటే నొక్కాయి.
ని రావలసిన చోట ఖ పడింది.
చెరిపాను.
మళ్లీ ఖ.