ఎడమ చెయ్యి

హన్మకొండ చౌరస్తా ఎనుక సందుల మా ఎక్స్‌రే గది.
పొద్దుగాల పదింటికెల్లి చేతులు చూస్త.
మొఖాలు గాదు, చేతులు.
ఎడమ చెయ్యి పెట్టు బిడ్డా, వేళ్లు జర ఎడం జెయ్,
ఊపిరి బిగవట్టే పని లేదు,
ఇది ఛాతీ గాదు.

పరకాల పిల్లకు తొమ్మిదేండ్లు.
చెప్పులు మాత్రం వాళ్ల అమ్మయి.
"నాలుగో తరగతిలనే పెద్దమనిషైంది మేడం,
ఫోటో దిగితే టీచరమ్మ పక్కన టీచరమ్మ లెక్క కనవడ్తది"
అన్నది తల్లి, తలుపు దిక్కు చూసుకుంట.
ఫిల్ము మీద ఆ చెయ్యికి పన్నెండేండ్లు.
బొక్కకూ బొక్క కొసకూ నడుమ నల్లటి సందు ఉంటది,
ఇంకా పెరుగుతనని పిల్లలు ఆపుకున్న జాగ అది.
తన్మయికి ఆ జాగ అప్పుడే సన్నవడ్డది.
ఇయ్యాల బడిల అందరికన్న పొడుగు,
నాలుగేండ్లయితే అందరూ దాటిపోతరు.
ఆ మాట చెప్పుడు డాక్టరు పని.
నా పని కవరు మీద పేరు రాసుడు.

తర్వాత మండిబజార్ పిలగాడు, రాహిల్.
ఖిలా వరంగల్‌ల క్యాచ్ పట్టబోయి పడిండు,
పడ్డది గూడ గడ్డి మీదనే.
ఒక్క ఏడాదిల బెత్తెడు పెరిగిండట,
రెండు పండుగలకు రెండు ప్యాంట్లు పొట్టియైనయట.
"పాలు తాగడు, అందుకే" అని వాళ్ల అమ్మీ కోపం.
పాలొక్కటే కాదమ్మా అందామనుకున్న,
లైన్ల ఇంకా ఆరుగురున్నరు.

మా నాయన కొత్తవాడల జంఖానాలు నేసేటోడు.
పడుగు గుంజి కట్టుడు ఒక్కపూట పని.
పేక నింపుడు, పంజాతోని కొట్టి కొట్టి దగ్గరికి తెచ్చుడు,
అది దినాల పని.
నడుమ ఎవడన్న వచ్చి కాలు పెడితే
దారాలు తప్ప ఏముంటయ్ ఆడ?
రాహిల్ బొక్క ఇప్పుడు మగ్గం మీదున్నది.
పొడుగు ముందుగాల ఉరికింది, సున్నం ఎనుకవడ్డది.
ఏడాది ఆగితే నిండుతది.
పిలగాండ్లు ఆ ఏడాది ఆగుతరా?

నా సంగతి వేరే.
పదహారు నిండి ఏడు నెల్లయినా నాకు రాలే.
తోటి పిల్లలందరికీ అయిపోయింది, ఇద్దరికి పెండ్లిళ్లు గూడ.
మా వాడ ఆడోళ్లు అమ్మను నల్ల కాడ ఆపి అడిగేటోళ్లు,
బియ్యం ధర అడిగినట్టు.
నేను మాత్రం కాళ్లు సాగి కొంగ లెక్క పెరిగిన.
జిల్లా పోటీలల్ల హైజంపు ఫస్టు.
ఆ కప్పు ఇంకా ఇంట్ల ఉన్నది, దాంట్ల ఎల్లిపాయలు పోస్త.
ఎవరికెరుక,
పడుగు అంత దూరం పోతుంటే
పేక తెచ్చేటోడు ఇంకా ఇల్లే కదల్లేదని.

మొన్న వానలల్ల
మా ఇంటి మెట్ల మీదనే జారిన. రెండే మెట్లు.
నా ఎడమ చెయ్యి నేనే పలక మీద పెట్టుకున్న,
బటన్ మా సుదర్శన్ నొక్కిండు.
ఫిల్ము వెలుతురుకు పట్టి చూస్తే
ఈ దిక్కుకెల్లి ఆ దిక్కు కనవడ్తున్నది,
ముప్పై ఏండ్లు మంది కూసున్న జంఖానా లెక్క.
"లేటుగ పెద్దమనిషైనందుకేనా సార్?"
"అది గూడ ఒకటి" అన్నడు డాక్టరు.
"ఎండ చూడని కొలువొకటి. తిండొకటి. వంశమొకటి.
అంతా దాని మీదనే ఎయ్యకు."
నేను ఎయ్యలే.
కాని రాత్రి కట్టు కింద దురద పెడుతుంటే
నల్ల కాడి ఆడోళ్లు యాదికొచ్చిన్రు.
నా పెండ్లి గురించి అంత భయపడ్డరు గదా,
బొక్కల గురించి ఒక్కరన్న భయపడలే.

మూడు నెల్లకు తన్మయి మళ్లొచ్చింది.
నెలకో సూది ఇస్తున్నరట,
లోపలి గడియారం జర నిమ్మళంగ నడవనీకి.
దానిది గట్టి నేతనే, నిడివి కోసమే ఈ తిప్పలు.
చెయ్యి పలక మీద పెట్టి, నా మణికట్టు పట్టీ దిక్కు చూసింది.
"ఆంటీ, మీకు ఎన్నేండ్లు?"
"నాకా, చెయ్యికా?"
నవ్వుతదనుకున్న. నవ్వలే.
వేళ్లు ఎడం చేసుకుంట, జరసేపు ఆలోచించి,
"చెయ్యికే" అన్నది.