సెకనులో మూడో వంతు

నేను వంతెనలు రాస్తాను.
నీటి మీద కాదు.
సీ భాషలో ఒక లైబ్రరీ ఉంది, ధ్వనిని పుట్టించేది.
దానికి గొంతులు వేయి, చెవి ఒక్కటే:
సీలో పిలిస్తేనే పలుకుతుంది.
తక్కిన భాషలవాళ్ళు గడపలో నిలబడి
ఎంత అరిచినా ఉలకదు.
వాళ్ళ మాటను ఆ చెవిలో పట్టేట్టు మడిచి అందించే
పదిహేనువందల వరసల కూలిపని నాది.
పని బాగుంటే నేను కనిపించను.
పాడయితే మాత్రం నా పేరే వినిపిస్తుంది.

ఆ అక్టోబరులో తోర్స్‌హావ్న్‌లో పడవెక్కి
సూవురోయ్ దీవిలో దిగాను,
నా వంతెన మీద ఏదో జారిపడుతోందని కబురొస్తే.

ఉప్పు గిడ్డంగి. కిటికీల్లో మంచు తప్ప సముద్రం లేదు.
గోడవార పాత పొగమంచు బూర,
రెండు నిలువుల పొడుగు, నోట్లో ఎవరిదో రబ్బరు బూటు.
దాన్ని ఆపేసి ముప్పయ్యేళ్ళు.
ఆ గొంతును మళ్ళీ కట్టాలని ముగ్గురు,
మూడు బల్లలు, మూడు భాషలు,
అడుగున అదే లైబ్రరీ.

రన్వా సీలో రాస్తుంది.
అడిగి తీసుకున్న చోటు ఎంతో అంతా
పని కాగానే ఊడ్చి తిరిగి అప్పగిస్తుంది
అద్దింట్లో ఉన్నట్టు.
మార్యున్‌ది లిస్ప్. కుండలీకరణంలో కుండలీకరణం,
స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కున్నట్టు.
హోగ్నికి పద్దెనిమిదేళ్ళు, పైథాన్.
తిన్న గిన్నెలు తొట్లో పడేసి
ఎవరో కడుగుతారని నమ్మే వయసు.
నిజంగానే కడుగుతారు.
కడుగుతున్నంతసేపూ ఇల్లంతా ఆగాలి, అంతే.

నూట ఎనభై హెర్ట్జ్. అయిదు సెకన్లు.
చివర రెండే ఆజ్ఞలు: శ్రుతి దించు. శబ్దం ఆపు.
మూడు చోట్లా అవే అంకెలు, పొల్లు పోకుండా.

ఈసాకుర్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. ఎనభై నాలుగేళ్ళు,
ఒకప్పుడు ఆ బూరకు గాలి ఎక్కించిన మనిషి.
తడి టోపీ మోకాలికి తగిలించాడు.
కళ్ళు మూసుకోలేదు, తలుపు వంక చూస్తూ విన్నాడు.

రన్వాది మొదట.
"ఓడ," అన్నాడు. "ఎవరిదో ఓడ."
మార్యున్‌ది.
"అదే ఓడ."
హోగ్ని తల గోక్కున్నాడు,
"నాది చివర్లో పాడవుతోంది" అని ముందే ఒప్పేసుకుని
మీట నొక్కాడు.

అయిదు సెకన్లు అదే ఓడ.
ఆ తర్వాత, అణిగిపోతూ,
కాడి దించుకున్న ఎద్దు మోకాళ్ళ మీద కూలబడినట్టు
ఒక మూలుగు.

ముసలాయన లేచి నిలబడ్డాడు. టోపీ కింద పడింది.
"మా హెర్‌బొర్గ్," అన్నాడు,
"ఇరవై మూలుగులు లెక్కపెట్టి
పొయ్యిలోంచి రొట్టె తీసేది."
ఇంకేమీ అనలేదు. టోపీ కూడా తీసుకోలేదు.

రాత్రంతా వెతికాను. లోపం నా వంతెనలోనే.
శ్రుతి దించమన్న మాట వెంటనే దాటింది.
ఆపమన్న మాట దాటబోయే వేళకి
పైథాన్ గిన్నెలు కడగడానికి కూచుంది,
నేను పెట్టిన తలుపు అడ్డంగా మూసుకుంది
సెకనులో మూడో వంతు.
ఆగమని ఎవరూ చెప్పని శబ్దం
దిగుతూనే మోగింది, మోగుతూనే దిగింది.
పాత బూరలోనూ ఇదే కథ:
గాలి అయిపోయాక గానీ కవాటానికి సంగతి తెలిసేది కాదట.
రన్వా రాతలో ఆ రెండు మాటలూ
ఒకే ఊపిరిలో చేరతాయి,
నడుమ సూది దూరదు.

"సరిచేశావా?" అంది పొద్దున్నే.
చేశాను. తలుపు పీకేశాను.
ఇప్పుడు హోగ్నిది కూడా ఎవరిదో ఓడే.

తర్వాత ముగ్గురి రాతల్లోనూ
ఆ రెండు ఆజ్ఞల మధ్య ఒక వరస దూర్చాం:
ఆగు, సెకనులో మూడో వంతు.
మార్యున్ దాన్ని ఇంకో కుండలీకరణంలో చుట్టింది.
హోగ్ని పక్కన వ్యాఖ్య రాశాడు, తొందరలో తప్పు రాస్తూ:
"ఇది లోపం కాదు. ముట్టుకోవదు."
ఆ ఒత్తునీ ఎవరం ముట్టుకోలేదు.

తిరుగు పడవలో మంచు, డీజిలు వాసన.
నిమిషానికొకటి, మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
ఏడో ఎనిమిదో అయ్యేసరికి
నిద్ర పట్టేసింది.