ఫర్వానియా, మూడో అంతస్తు

తూకం కొక్కేనికి పెట్టె తగిలించి
ఊపిరి బిగబట్టి పైకెత్తుతాను.
ఇరవై ఆరు కిలోల నాలుగొందలు.
సువార్త చిట్టి రోలు తీసి పక్కన పెడుతుంది.
ఇరవై మూడుకి దిగుతుంది ముల్లు.
కాసేపు ఆలోచించి
రోలు మళ్ళీ లోపల పెట్టి
నా బూట్లూ, నా రెండు కోట్లూ తీసేస్తుంది.
ఐర్లండులో అల్లం దంచుకోరా అంటే
దంచుకుంటారు, నా రోట్లో కాదుగా, అంటుంది.

పదకొండేళ్ళ కిందట
నేనొక్కణ్ణే దిగానీ కువైటులో,
షువైఖు గోడౌనులో బేరింగులు లెక్కపెట్టడానికి.
ఆమె తర్వాత వచ్చింది,
తెల్ల చెప్పులతో, రాత్రి డ్యూటీలతో.
ఇప్పుడు స్లైగో అనే ఊరి ఆసుపత్రి ఆమెని పిలిచింది.
నన్నెవరూ పిలవలేదు.
ఫారంలో నా పేరు పక్క గడిలో
డిపెండెంట్ అని ఉంది.
టైపింగు సెంటరు మిస్రీ గుమస్తా
అది పైకి చదివి చిన్నగా నవ్వాడు.
నేనూ నవ్వాను.
బేరింగు లేకపోతే ఇరుసు ఎంతసేపు తిరుగుద్ది బాబూ
అందామనుకున్నాను గానీ
అరబీలో అంత మాట రాలేదు నాకు.

వాషింగు మిషను చూసుకోడానికొచ్చాడు
రాయచోటి ఖాదర్‌వలీ.
పదిహేను దినార్లన్నది పన్నెండుకి తెగింది.
వచ్చే నెల భార్య దిగుతోందంట.
మూత తెరిచి లోపల వాసన చూశాడు,
కొత్త కాపురం వాడు.
రబ్బరు అంచు మడతలో
కెజియా చంటప్పటి మేజోడు ఒకటి దొరికింది.
దాన్నెవరమూ లెక్కలో వెయ్యలేదు.
ఆడ మనోళ్ళుండారా అన్నా, అనడిగాడు మెట్ల మీంచి.
ఆయ్, తెలీదండీ, అన్నాను.
కోనసీమ ఆయ్ నా నోట్లోంచి వచ్చాక
గుర్తొచ్చింది, ఆ మాట అక్కడ ఎవరితో అనాలో.

కుంజుమోన్ బకాలాలో పద్దు తీర్చేశాను:
నాలుగు దినార్ల మూడొందల యాభై ఫిల్సులు.
యాభై వదిలేసి పాప చేతికి పుల్ల ఐసు ఇచ్చాడు.
మా ఇంటి పేరు ఈ దేశంలో
చేత్తో రాసున్న చోటు ఆ పుస్తకం ఒక్కటే.
ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు,
గీత నిటారుగా రావాలని
స్కేలు కూడా పెట్టాడు.

అన్నీ అమ్మేశాం.
కిటికీలో ఏసీ మాత్రం ఓనరుది.
పాతది. రాత్రంతా లారీ ఎక్కువ లోడుతో
గట్టెక్కుతున్నట్టు గురకపెడుతుంది.
అక్కడ ఏసీలుండవని తెలిసిన రోజునుంచీ
కెజియాకి దిగులు పట్టుకుంది.
పుట్టిన్నుంచీ ఆ చప్పుడులోనే నిద్రపోయిన పిల్ల.
నిన్న రాత్రి నా ఫోను తీసుకుని
దిండు మీద పెట్టి నలభై నిమిషాలు రికార్డు చేసింది.
పొద్దున విన్నాం.
గురక, గురక, మధ్యలో తాళం తిరిగిన చప్పుడు,
సువార్త డ్యూటీ దిగి చెప్పులు విప్పడం,
మసీదు మైకు గొంతు సవరించుకోవడం,
నా దగ్గు.
మళ్ళీ చెయ్యాలి నాన్నా, నువ్వు పాడుచేశావు, అంది.
సువార్త వద్దంది. ఎందుకో చెప్పలేదు.

ఈ రాత్రి పరుపుల్లేవు, చాప మీద పడుకున్నాం.
నిద్రమత్తులో అడిగింది కెజియా:
అక్కడ కిటికీ తెరిస్తే ఏం వినపడుద్ది?
వానేమో, అన్నాను.
అంతకుమించి నాకేం తెలుసు?
ఏసీ పక్క రెండో రెక్కకి
నేనే అంటించిన టేపు ఉంది, దుమ్ముగాలికి భయపడి,
వచ్చిన మొదటి వేసవిలో.
లేచి గోటితో కొస పట్టుకుని లాగాను.
జిగురు ఎండిపోయి సులువుగానే వచ్చింది.
గడియ కదపగానే
పిండిలాంటి ఇసుక
సద్దిన పెట్టె మీద పడింది.
సువార్త దులపబోయి
ఆగి
తూకం తెమ్మంది.